ఇరుసు మోయాలా, తిప్పాలా?

ఎద్దుల బండి ఇరుసు తిరగదు. బరువంతా మోస్తూ కదలకుండా ఉంటుంది. దాని మీద చక్రం తిరుగుతుంది, అది ఊడిపోకుండా చివర ఒక చీల ఉంటుంది. లాగే పని ఎద్దులది కాబట్టి ఇరుసుకు మోయడం తప్ప వేరే బాధ్యత లేదు. ఎద్దుల స్థానంలో ఇంజిన్ వచ్చాక చిక్కు మొదలైంది. ఇప్పుడు వెనక చక్రాన్ని ఎవరో తిప్పాలి కూడా. ఆ తిప్పే కడ్డీ చేతే బరువు కూడా మోయించేస్తే ఖర్చు కలిసొస్తుంది. ఇంజనీర్లు దాన్నే సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ అంటారు. మోసే పని ఒకరికి, తిప్పే పని ఇంకొకరికి అప్పగిస్తే అది ఫుల్ ఫ్లోటింగ్. వ్యాను వెనక ఉన్న మొదటి రకాన్ని తీసేసి రెండో రకం వేయించుకోవాలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

హైవే మీద దాబా దగ్గర ఆగినప్పుడు లారీ వెనక చక్రాన్ని ఒకసారి చూడండి. మధ్యలో గిన్నె బోర్లించినట్టు హబ్, అంటే చక్రాన్ని బిగించే నడిమి భాగం, ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దాని మొహం మీద చుట్టూ చిన్న బోల్టులు. ఆ బోల్టులు విప్పి లాగితే పొడవాటి యాక్సిల్ కడ్డీ చేతికొచ్చేస్తుంది. జాకీ అక్కర్లేదు, చక్రం నేల మీదే ఉంటుంది, లారీ ఒక్క అంగుళం కూడా కిందికి దిగదు. ఎందుకంటే బరువు ఆ కడ్డీ మీద లేదు. ఇరుసు బయటి తొడుగైన హౌసింగ్ చివర కదలని గొట్టం ఒకటి ఉంటుంది, దాన్ని స్పిండిల్ అంటారు. దాని మీద రెండు టేపర్ బేరింగులు, వాటి మీద హబ్. అచ్చం మన బండి ఇరుసే, కాకపోతే బోలుగా ఉంటుంది. లోపల నుంచి సన్నగా వెళ్లే కడ్డీ మెలితిప్పే పని మాత్రం చేస్తుంది. బరువుతో సంబంధం లేకుండా ఉంటుంది కాబట్టే దాన్ని ‘తేలుతోంది’ అన్నారు.

సెమీ ఫ్లోటింగ్‌లో చక్రాన్ని నేరుగా కడ్డీ చివరి అంచుకే బిగిస్తారు. బయటి వైపు ఒకే బేరింగు. ఇక్కడ కడ్డీ వంగుతూ తిరుగుతుంది. వంగడం, తిరగడం ఒకేసారి జరిగితే ఇనుముకు ఏమవుతుందో మనుషులు ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నారు. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు తిరిగొస్తున్న రైలు మ్యూడాన్ దగ్గర పట్టాలు తప్పింది. ముందున్న ఇంజిన్ ఇరుసు విరిగింది, బోగీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అంటుకున్నాయి. తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. యాభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అంటార్కిటికా తీరాన్ని చూసొచ్చిన నావికుడు డ్యూమాన్ డ్యుర్‌విల్, ఆయన భార్య, కొడుకు ఉన్నారు.

రైలు ఇరుసు బండి ఇరుసు లాంటిది కాదు. బరువు మోస్తూనే చక్రాలతో పాటు తిరుగుతుంది. ఒక క్షణం పైన ఉన్న బిందువు సగం చుట్టు తర్వాత కిందికి వస్తుంది. అంటే ప్రతి చుట్టులో అదే చోట ఉక్కు ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుపోతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపడం మనందరికీ తెలుసు కదా, అదే పని నెమ్మదిగా. జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాల్లో ఇరుసులను యంత్రాల మీద తిప్పి తిప్పి విరగ్గొట్టి లెక్కలు తీశాడు. ఒక్కసారి మోయగలిగిన దానికంటే చాలా తక్కువ బరువుకే, పదే పదే వంగితే ఉక్కు విరుగుతుందని తేల్చాడు. అయితే ఒక హద్దుకు లోపల ఉంటే మాత్రం ఎన్ని చుట్లయినా తట్టుకుంటుంది.

ఇప్పుడు వ్యాను లెక్క చూద్దాం. 75 సెంటీమీటర్ల టైరు కిలోమీటరుకు సుమారు 424 చుట్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లకు 4 కోట్ల 20 లక్షలకు పైగా. ఆ చక్రం మీద టన్ను బరువు ఉంది, బేరింగుకు టైరు నడిమికి 10 సెంటీమీటర్ల దూరం ఉంది, కడ్డీ మందం 35 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని పైపొర మీద చదరపు మిల్లీమీటరుకు దాదాపు 24 కిలోల ఒత్తిడి పడుతుంది. మంచి ఉక్కు దీన్ని తట్టుకుంటుంది. కానీ బేరింగు అరిగి కడ్డీ మీద గాడి పడితే లెక్క మారిపోతుంది. చాలా సెమీ ఫ్లోటింగ్ యాక్సిళ్లలో బేరింగు రోలర్లు నేరుగా కడ్డీ మీదే దొర్లుతాయి మరి. చిన్న గాడి చాలు, పగులు అక్కడే పుడుతుంది. షోకు కోసం చక్రానికీ హబ్‌కీ మధ్య స్పేసర్లనే బిళ్లలు వేసి చక్రాన్ని బయటికి జరిపితే ఆ 10 సెంటీమీటర్లు 13 అవుతాయి, ఒత్తిడి కూడా అదే పాళ్లలో పెరుగుతుంది. మలుపుల్లో టైరు అడుగున పక్కకు నెట్టే బలం వేరే. దానికి టైరు వ్యాసార్ధమంత పొడవైన మీట దొరుకుతుంది.

విరిగితే ఏమవుతుందన్నది అసలు టెన్షన్. సెమీ ఫ్లోటింగ్ కడ్డీని చాలా బండ్లలో లోపలి చివర, రెండు వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ అనే గేర్ల మధ్యలో, సి ఆకారపు చిన్న క్లిప్పు పట్టి ఉంచుతుంది. అంటే చీల చక్రం దగ్గర కాకుండా ఇంకో కొసన ఉందన్నమాట. మధ్యలో ఎక్కడ విరిగినా బయటి ముక్క, చక్రంతో సహా, జారి పోవచ్చు. ఫుల్ ఫ్లోటింగ్‌లో కడ్డీ విరిగితే బండి ముందుకు కదలదు. అంతే. చక్రం ఉన్నచోటే ఉంటుంది.

అమెరికాలో వ్యాన్లను ఇళ్లుగా మార్చుకుని తిరిగేవాళ్లకు ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. మంచం, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు ఎక్కాక వెనక ఇరుసు ఎప్పుడూ నిండు బరువుతోనే ఉంటుంది. సరుకు వ్యానైతే సగం రోజులు ఖాళీగా తిరుగుతుంది, దీనికి ఆ విశ్రాంతి లేదు. జనరల్ మోటార్స్ బండ్లలో ఇంకో తమాషా ఉంది. డిఫరెన్షియల్ మూతకు 14 బోల్టులు ఉంటాయని రెండు రకాల ఇరుసుల్నీ ‘ఫోర్టీన్ బోల్ట్’ అనే పిలుస్తారు. ఒకటి 9.5 అంగుళాల క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం) ఉన్న సెమీ ఫ్లోటింగ్, రెండోది 10.5 అంగుళాల ఫుల్ ఫ్లోటింగ్. పేరు విని పాత సామాను కొట్లో కొనేస్తే చిక్కే. చక్రం నడిమిలో హబ్ పొడుచుకొచ్చిందా లేదా చూసుకోవాలి.

సెమీ ఫ్లోటింగ్ తీసి ఫుల్ ఫ్లోటింగ్ వేయడం అంటే ఇరుసు విప్పి ఇంకోటి బిగించడమే కాదు. కమాను కట్టలు కూర్చునే దిమ్మెల దూరం కలవాలి, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిపోవాలి, బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు కొత్తవి కావాలి. గేరు నిష్పత్తి వేరైతే ఇంజిన్ తిరిగే వేగం మారుతుంది. స్పీడోమీటరు గేర్‌బాక్స్ నుంచి లెక్క తీసుకునేదైతే అది కూడా తప్పు చూపిస్తుంది. హబ్ బేరింగులు బిగించడంలో ఓపిక కావాలి: బిగుతు ఎక్కువైతే కాలిపోతాయి, వదులైతే చక్రం ఊగుతుంది. సీలు కారితే గేరు ఆయిల్ నేరుగా బ్రేకుల మీదికే వస్తుంది. పైగా స్ప్రింగుల కింద బరువు పెరిగి గతుకుల్లో వ్యాను మోటుగా ఎగురుతుంది.

వీటన్నిటి తర్వాత కూడా డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద కంపెనీ రాసిన గరిష్ఠ బరువు పెరగదు. ఛాసిస్, స్ప్రింగులు, టైర్లు పాతవే కదా. మన దగ్గరైతే బండిలో మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అడ్డొస్తుంది. బరువు హద్దులోనే ఉండి, బేరింగు శబ్దం రాగానే మార్పించుకునేవాళ్లకు సెమీ ఫ్లోటింగే చాలని నా అభిప్రాయం. ఊళ్లకు దూరంగా, నిండు బరువుతో, పెద్ద టైర్లతో తిరిగేవాళ్ల సంగతి వేరు.

మార్పించుకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కడ్డీ బయటికి లాగడం తేలికే, కానీ ఒక వైపు కడ్డీ లేకపోతే మామూలు డిఫరెన్షియల్ రెండో వైపును కూడా పట్టి ఉంచలేకపోతుంది. ఆటోమేటిక్ గేరు పార్కింగ్‌లోనే ఉన్నా వాలు మీద వ్యాను దొర్లిపోతుంది. బోల్టు మీద పానా పెట్టేముందు హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రం కింద ఒక రాయి పెట్టాలి, ఎద్దుల్ని విప్పేముందు బండికి పెట్టినట్టు.