ఇరవై పాసులు ఎంత చెప్పగలవు?

2015 నవంబరు 15, ఆదివారం. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెన్వర్ బ్రాంకోస్ సొంత మైదానంలో కాన్సస్ సిటీ చీఫ్స్‌తో ఆడుతోంది. మొదటి క్వార్టర్‌లో బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ చిన్న పాస్ ఒకటి విసిరాడు. దాంతో జట్టు ముందుకు జరిగింది నాలుగు గజాలే. కానీ దాంతో, కెరీర్ మొత్తంలో పాసులతో సంపాదించిన దూరంలో బ్రెట్ ఫార్వ్ పేరు మీదున్న 71,838 గజాల రికార్డు దాటిపోయింది. ఆట ఆపి మరీ చప్పట్లు కొట్టారు. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో పాసులతో అన్ని గజాలు సంపాదించిన మనిషి అప్పటికి మరొకడు లేడు. అదే మానింగ్‌ని మూడో క్వార్టర్‌లో కోచ్ గ్యారీ కూబియాక్ పిలిచి బెంచ్ మీద కూర్చోబెట్టాడు.

ఆ రోజు మానింగ్ విసిరిన పాసులు 20. సొంత ఆటగాళ్లకు చేరినవి 5. అవతలి జట్టు చేతికి చిక్కినవి, అంటే ఇంటర్‌సెప్షన్లు, 4.

అమెరికన్ ఫుట్‌బాల్ అంతగా చూడనివాళ్ల కోసం ఒక్క మాట. జట్టు దాడి మొదలయ్యే ప్రతిసారీ దాదాపుగా బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో, అసలు విసరాలో వద్దో తేల్చుకోవాలి. క్రికెట్‌లో ఒక బ్యాటర్ ఫామ్‌లో లేకపోతే ఏడో నంబరులో దింపి సర్దుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఆ స్థానం ఒక్కటే, ఆడేది ఒక్కడే. అందుకే క్వార్టర్‌బ్యాక్ తడబడితే ఊరు ఊరంతా చర్చలో పడుతుంది. ఇతన్నే ఆడించాలా, పక్కన కూర్చున్న కుర్రాడికి ఇవ్వాలా? ఆ వారం డెన్వర్‌లో అదే చర్చ. మానింగ్‌కి అప్పటికి 39 ఏళ్లు. పక్కన కూర్చున్న బ్రాక్ ఆస్వైలర్ అంతకుముందు మూడు సీజన్లలో కలిపి విసిరినవి 30 పాసులు.

మానింగ్ ఆ రోజు స్కోరు ఎంత ఘోరమో ఒకసారి లెక్క కట్టి చూద్దాం. లీగ్ 1973 నుంచి పాసర్ రేటింగ్ అనే కొలత వాడుతోంది. అందులో నాలుగు ముక్కలుంటాయి: నూటికి ఎన్ని పాసులు చేరాయి, పాసుకు ఎన్ని గజాలు వచ్చాయి, నూటికి ఎన్ని టచ్‌డౌన్‌లు (బంతి అవతలి జట్టు చివరి గీత దాటి పాయింట్లు తెచ్చినవి), నూటికి ఎన్ని ఇంటర్‌సెప్షన్లు. ఒక్కోదానికీ ఒక అడుగు గీత ఉంది. చేరినవి నూటికి 30 మించకపోతే సున్నా, మానింగ్‌వి 25. పాసుకు 3 గజాలు మించకపోతే సున్నా. అతనికి వచ్చినవి మొత్తం 35 గజాలు, అంటే పాసుకు రెండు గజాలు కూడా లేవు. టచ్‌డౌన్ లేకపోతే సున్నా, ఒక్కటీ లేదు. ఇంటర్‌సెప్షన్లు నూటికి తొమ్మిదిన్నర దాటితే సున్నా, అతనివి 20. నాలుగు ముక్కల్లోనూ సున్నాయే. 158.3 దాకా వెళ్లగలిగే రేటింగ్ 0.0 దగ్గర ఆగిపోయింది.

ఇది చూసి "ఇతని పని అయిపోయింది" అనొచ్చా? అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఆ మాట గిన్నెలో అన్నానికి సరిపోతుంది. ఎందుకంటే అన్ని మెతుకులూ ఒకే నీళ్లలో, ఒకే సెగ మీద ఉడుకుతాయి. పాసులు అలా కాదు. ఒకటి వానలో, ఒకటి ఎండలో. ఒకసారి ముందున్న కాపలా ఆటగాళ్లు అవతలివాళ్లను ఆపగలిగారు, ఇంకోసారి ఆపలేకపోయారు. అందుకోవాల్సినవాడి వేళ్లకు తగిలి ఎగిరిన బంతిని ప్రత్యర్థి పట్టుకున్నా ఆ పాపం క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోకే పోతుంది. ఇక్కడ ఒక మెతుకు పట్టి చూస్తే పక్క మెతుకు సంగతి తెలియదు.

మరి ఎన్ని మెతుకులు కావాలి? ఈ ప్రశ్నకు పునాది జవాబు ఇచ్చినవాళ్లలో ఒకరు మనవారు, కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయన, 1945లో, పాతికేళ్ల వయసులో ఒక ఫలితం ప్రచురించారు. చేతిలో ఉన్న సమాచారం ఇంత అయితే, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకన్నా కచ్చితంగా ఉండలేదు, ఎంత తెలివైన పద్ధతి వాడినా సరే అని. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామెర్ కూడా విడిగా ఇదే సంగతి చెప్పడంతో దానికి క్రామెర్–రావు హద్దు అని పేరొచ్చింది. రావు తర్వాతి కాలంలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేశారు. లక్ష మందికి పైగా కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియం ఉన్న చోటు అది. ఆటగాళ్ల మీద తొందరపడి తీర్పులు చెప్పే మనందరికీ ఆ హద్దు గుర్తుండాలని నాకు అనిపిస్తుంది.

మానింగ్‌కి ఆ హద్దు వర్తింపజేద్దాం. అతని పాసులు మామూలుగా నూటికి 65 చేరతాయి. 20 పాసులు మాత్రమే చూసి ఆ 65ని అంచనా వేయబోతే, అటూ ఇటూ 11 దాకా తేడా రావడం మామూలే. అంటే ఒక మ్యాచ్‌లో 54 వచ్చినా, 76 వచ్చినా మనిషి మారాడని అర్థం కాదు. అదే 320 పాసులు చూస్తే ఆ తేడా 3 లోపుకి తగ్గుతుంది. సమాచారం 16 రెట్లు పెరిగితే గాని అనిశ్చితి నాలుగో వంతుకి దిగదు. ఇరవై పాసులు పూర్తిగా ఒక ఆదివారం పని కూడా కాదు. 320 పాసులు సగం సీజన్ పైనే. అప్పట్లో సీజన్‌కి ఉన్నదే 16 మ్యాచ్‌లు. కోచ్‌కి నమ్మకం కుదిరేసరికి సీజన్ చేయి దాటిపోతుంది. ఈ చర్చ ఎప్పటికీ తెగకపోవడానికి అసలు కారణం ఇదే. చూసేవాళ్ల మొండితనం కాదు, ఉన్న సమాచారమే తక్కువ.

అయితే నవంబరు 15 నాటి 25 శాతం ఆ 11 తేడాలో ఇమిడేది కాదు. 65కి అది 40 కింద ఉంది. పాసులన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుని లెక్క కడితే, అలాంటి రోజు కేవలం దురదృష్టం వల్ల రావడం మూడు వేల మ్యాచ్‌లకు ఒకసారి. అంటే ఆ ఇరవై పాసులు ఏదో గట్టిగానే చెబుతున్నాయి. కానీ ఏం చెబుతున్నాయి? ఈ రోజు ఈ మనిషిలో ఏదో సరిగా లేదని. ఇక ఎప్పటికీ బాగుపడడని కాదు. ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే చాలా తీర్పులు తప్పుతాయి.

ఇప్పుడు కాస్త వెనక్కి, అతని మొదటి సీజన్‌కి వెళ్దాం. 1998 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఇండియానాపొలిస్ కోల్ట్స్ అతన్ని మొట్టమొదటి ఆటగాడిగా ఎంచుకుంది. రెండో స్థానంలో శాన్ డియాగో ర్యాన్ లీఫ్‌ని తీసుకుంది. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే, ఇద్దరూ ఆ ఏడాది తడబడ్డారు. మానింగ్ 28 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. కొత్త ఆటగాళ్లలో అదొక చెడ్డ రికార్డు. కోల్ట్స్ 3 గెలిచి 13 ఓడింది. అయినా అతన్ని 16 మ్యాచ్‌లూ ఆడించారు. లీఫ్ 15 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, మధ్యలో బెంచ్ మీదకి వెళ్లాడు. మరుసటి ఏడాది మానింగ్ జట్టు 13 గెలిచి 3 ఓడింది. లీఫ్ మాత్రం మళ్లీ లేవలేదు.

"ఓపిక పట్టిన జట్టు బాగుపడింది" అని ఈ కథని చెబుతుంటారు. నాకు అది తేలిక మాటగా అనిపిస్తుంది. ఎందుకంటే 1998 చివర్లోనే ఇద్దరి మధ్య తేడా అంకెల్లో ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోని అంకెలో. మానింగ్ పాసులు నూటికి 57 చేరాయి. లీఫ్‌వి 45. లీఫ్ విసిరిన 245 పాసులు, మానింగ్ విసిరిన 575 పాసులు తీసుకుంటే, 11కి పైగా ఉన్న ఆ తేడా అదృష్టం వల్ల వచ్చిందనుకోవడం కష్టం. ఇంటర్‌సెప్షన్ అరుదైన సంఘటన. మామూలుగా ముప్పై నలభై పాసులకి ఒకటి వస్తుంది. అరుదైనదాన్ని లెక్కపెట్టి నైపుణ్యం తేల్చాలంటే చాలా కాలం పడుతుంది. పాస్ చేరిందా లేదా అన్నది మాత్రం ప్రతి విసురుకూ జవాబు ఇస్తుంది. ఇంటర్‌సెప్షన్ పడినప్పుడు స్టేడియం గోలెత్తిపోతుంది, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. చేరిన పాసుకి చప్పట్లు కూడా ఉండవు. చెప్పాల్సిన సంగతి ఎక్కువగా దాని దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు రెండు చివరలూ పక్కపక్కన పెట్టండి. 1998లో 575 పాసులకి 28 ఇంటర్‌సెప్షన్లు: నూటికి 4.9. 2015లో బెంచ్ మీదకి వెళ్లే నాటికి 322 పాసులకి 17: నూటికి 5.3. దాదాపు ఒకటే అంకె. ఒకచోట అది నేర్చుకుంటున్న 22 ఏళ్ల కుర్రాడి అంకె, ఇంకోచోట 39 ఏళ్ల ఒంటి అంకె. కాగితం మీద తేడా తెలియదు.

పాత చరిత్రను లెక్కలోకి తీసుకుంటే తేలుతుందా? చూద్దాం. 2014 దాకా మానింగ్ 9,049 పాసులు విసిరి 234 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, నూటికి 2.6. ఆ లెక్కన 322 పాసులకి ఎనిమిదో తొమ్మిదో రావాలి. 17 వచ్చాయి. ఊరికే అలా జరిగే అవకాశం సుమారు రెండు వందల్లో ఒకటి. అదే పాతవీ కొత్తవీ అన్నీ ఒకే కుప్పగా పోస్తే 2.6 కాస్తా 2.7 అవుతుంది. అంటే ఏమీ జరగనట్టే! తొమ్మిది వేల పాసుల బరువు కింద మూడు వందల పాసులు నలిగిపోతాయి. సగటు ఎక్కడ మోసం చేస్తుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ తొమ్మిది వేలు విసిరింది ఇదే పేరున్న మనిషే కానీ, ఇదే శరీరం కాదు. పాత సమాచారానికి విలువ ఇవ్వాలి. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ విలువ తగ్గించుకుంటూ రావాలి. ఎంత తగ్గించాలన్నది సూత్రం ఒక్కటే చెప్పలేదు, శరీరాన్ని అడగాలి.

ఆ శరీరం సంగతి చూస్తే, 2011లో మెడ సర్జరీలతో మానింగ్ సీజన్ మొత్తం కోల్పోయాడు. కుడి చేతిలో బలం తగ్గింది, వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గింది. అయినా తిరిగొచ్చి 2013లో, 37 ఏళ్ల వయసులో, ఒకే సీజన్‌లో 55 టచ్‌డౌన్ పాసులు విసిరాడు. కాబట్టి "వయసైపోయింది" అన్న మాట అప్పటికే ఒకసారి తప్పని తేలింది. 2015లో వచ్చి పడింది ఎడమ కాలి నొప్పి. మడమ నుంచి వేళ్ల దాకా పాదం కింద పరుచుకుని ఉండే గట్టి పొర దెబ్బతింది.

చేత్తో విసిరేదానికి పాదంతో పనేమిటి అనిపిస్తుంది. ఒకసారి నిలబడి ఉత్తి చేత్తోనే బంతి విసిరినట్టు చేసి చూడండి. కుడిచేతివాటం అయితే ఎడమ కాలు ముందుకు వేస్తారు. ఆ పాదం నేలకి గట్టిగా ఆనగానే ముందుకు వస్తున్న ఒళ్లు ఆగుతుంది. ఆగిన ఊపు నడుము తిప్పులోకి, అక్కణ్నుంచి భుజానికి, మోచేతికి, మణికట్టుకి చేరుతుంది. కొరడా పిడి ఆగితే కొస విసురుగా తిరిగినట్టు. ముందు పాదం మోపడానికి భయపడితే ఆ గొలుసు మొదట్లోనే తెగుతుంది. బంతి ఒక అర గజం వెనకబడుతుంది. ఆ అర గజంలోకే అవతలివాడి చెయ్యి వస్తుంది. పైగా కూబియాక్ ఆ ఏడాదే కొత్తగా వచ్చిన కోచ్. అతని పద్ధతిలో క్వార్టర్‌బ్యాక్ పక్కలకి పరిగెడుతూ విసరాలి. మానింగ్‌కి వెనక నిలబడి విసరడం అలవాటు. ఇవన్నీ కలిసి ఆ 5.3లో దాక్కుని ఉన్నాయి.

"అర్హత" అన్న మాట ఇక్కడే చిక్కు తెచ్చిపెడుతుంది. అంత చేసినవాడిని పక్కన పెడతారా అన్న బాధ నిజమైనది, నాకూ ఉంటుంది. కానీ అది గతానికి చెల్లించే కృతజ్ఞత. వచ్చే ఆదివారం ఎవరు మెరుగ్గా ఆడతారన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ కలిసిపోవడం కొత్తేమీ కాదు. బ్యారీ స్టా, హా హోంగ్ అనే పరిశోధకులు 1995లో బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మీద చేసిన అధ్యయనంలో, డ్రాఫ్ట్‌లో ముందు ఎంపికైనవాళ్లకి, ఆటతీరు సమానంగా ఉన్నా, ఎక్కువ నిమిషాలు దొరుకుతున్నాయని తేలింది. పెట్టిన ఖర్చు వృథా అయిందని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

ఒప్పుకుని తొందరపడినా ప్రమాదమే. 2017లో బఫలో బిల్స్ 5 గెలిచి 4 ఓడి ఉండగా, టైరాడ్ టేలర్‌ని తప్పించి కొత్త కుర్రాడు నేథన్ పీటర్‌మన్‌ని దింపింది. మొదటి సగంలోనే 5 ఇంటర్‌సెప్షన్లు. టేలర్‌ని మళ్లీ పిలిచారు. అతనితోనే ఆ జట్టు 1999 సీజన్ తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివర జరిగే నాకౌట్ మ్యాచ్‌లకి, వెళ్లింది.

డెన్వర్ కథకి వస్తే, ఆస్వైలర్ ఏడు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. జట్టు ఐదు గెలిచింది. ఏడోది జనవరి 3న. జట్టు పదేపదే బంతి పోగొట్టుకుని వెనకబడ్డప్పుడు కూబియాక్ మానింగ్‌ని దింపాడు, బ్రాంకోస్ 27–20తో గెలిచింది. అప్పటికి పాదానికి ఆరు వారాల విశ్రాంతి దొరికింది. ప్లేఆఫ్స్‌లో మూడు మ్యాచ్‌లకి మానింగ్ విసిరినవి 92 పాసులు. నవంబరు లెక్కన అయిదు ఇంటర్‌సెప్షన్లు రావాలి, ఒక్కటే వచ్చింది. సాహసపు పాసులు తగ్గించాడు, లీగ్‌లో అతి తక్కువ గజాలు వదిలిన డిఫెన్స్ మిగతాది చూసుకుంది. లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 50లో కరోలినా మీద 24–10 తేడాతో గెలిచారు. గెలిచారు కాబట్టి కూబియాక్ నిర్ణయం సరైనదని నేను అనను. ఓడినా నా అభిప్రాయం అదే: నవంబరులో బెంచ్ మీద కూర్చోబెట్టడమూ, జనవరిలో తిరిగి పిలవడమూ రెండూ ఆ రోజుకి చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి సరైనవే.

ఇక ఆస్వైలర్. ఆ సీజన్‌లో అతను విసిరిన 275 పాసులు చూసి హ్యూస్టన్ టెక్సన్స్ నాలుగేళ్లకి 7.2 కోట్ల డాలర్ల ఒప్పందం రాసింది. ఆ పాసులు నూటికి 62 చేరాయి. 275కి మామూలుగా ఉండే తేడా అటూ ఇటూ 3. తర్వాతి ఏడాది 59 చేరాయి, సరిగ్గా ఆ తేడా అంచున. 2016 డిసెంబరు 18న జాక్సన్‌విల్‌తో ఆడుతుండగా, 11 పాసుల్లో రెండు ఇంటర్‌సెప్షన్లయ్యాక అతన్నీ బెంచ్ మీదకి పిలిచారు. బదులుగా దిగిన టామ్ సావేజ్ అప్పటిదాకా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో విసిరిన పాసులు 19.