స్టీరింగ్ నూనెను కారు తాగదు

చిరంజీవులు చిట్టికి, బన్నీకి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. పొద్దున్నే నాన్న కారు గేటు దగ్గర తిప్పుతుంటే బానెట్ కింద ఎవరో మూలిగినట్టు చప్పుడవుతోందనీ, మెకానిక్ వచ్చి స్టీరింగ్ ఆయిల్ తగ్గిందని కాస్త పోసి వెళ్ళాడనీ, పదిహేను రోజులకు మళ్ళీ అదే మూలుగనీ రాశారు. చివర్లో బన్నీ అడిగిన మాట నాకు భలే నచ్చింది: "పెట్రోలు తాగినట్టు ఈ నూనెను కూడా కారు తాగేస్తుందా తాతయ్యా?"

తాగదురా. పెట్రోలు కాలిపోతుంది కాబట్టి తరుగుతుంది. ఈ నూనె కాలదు. డబ్బాలోంచి పంపుకూ, పంపు నుంచి ర్యాకుకూ (ముందు చక్రాలను పక్కలకు తిప్పే పళ్ళ కడ్డీ ఉండే గొట్టం), మళ్ళీ డబ్బాకూ అదే నూనె తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి కారిందనే అర్థం. ఎక్కడ కారుతోందో చూడకుండా పోసి వెళ్ళడం సగం పనే.

అసలు ఆ నూనె చేసే పనేమిటి? బన్నీ అక్షరాభ్యాసం ఫోటో మీ ఇంట్లో ఉంది, చూడండి. పళ్ళెంలో బియ్యం పోసి, వాడి వేలు పట్టుకుని నాన్న రాయిస్తున్నాడు. వేలు పిల్లవాడిది, బలం పెద్దవాడిది. పవర్ స్టీరింగ్ కూడా ఇంతే. మీ నాన్న స్టీరింగ్ చక్రం కాస్త తిప్పగానే లోపల పెన్సిలంత సన్నని ఉక్కు కడ్డీ ఒకటి రవ్వంత మెలిపడుతుంది. ఆ కాస్త మెలికకే ఒక వాల్వు తెరుచుకుని, నూనెను ర్యాకులోని పిస్టనుకు కావలసిన పక్కకు పంపుతుంది. నూనె తోస్తుంది, చక్రాలు తిరుగుతాయి. చెయ్యి ఆగితే మెలిక విడిపోతుంది, తోపూ ఆగుతుంది. ఎటు పోవాలో వేలే చెబుతుంది, పెద్దచెయ్యి తన ఇష్టం వచ్చిన అక్షరం దిద్దదు. ఉక్కును మెలిపెట్టి మనిషి మనసు తెలుసుకోవడం ఎంత చక్కని ఆలోచనో!

ఆ పెద్దచేతి పట్టు వదులైతే అక్షరం వణుకుతుంది కదా? ఇక్కడ పట్టు వదులు చేసేది గాలి. నూనెను నొక్కితే నలగదు, అందుకే తోపు నేరుగా అందుతుంది. గాలి బుడగ నలిగిపోతుంది. డబ్బాలో నూనె అడుక్కి పోతే పంపు గాలి పీలుస్తుంది. మీరు విన్న మూలుగు అదే అయివుంటుంది. చలిపొద్దున నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి మొదటి మలుపులో గట్టిగా వినిపిస్తుంది. డబ్బాలో నురగ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మూలుగు కాకుండా కీచుమంటే మాత్రం పంపును తిప్పే బెల్టు జారుతోందేమో చూడాలి.

వేలు పళ్ళెం అంచుకు తగిలాక కూడా నొక్కుతూ ఉంటే నొప్పి పుడుతుంది. స్టీరింగ్ చక్రాన్ని ఒక పక్కకు చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోవడం అలాంటిదే. పంపులో ఒత్తిడి 70 బార్ దాటుతుంది (మీ కారు టైరులో గాలి 2 బార్ చిల్లర). నూనె బాగా వేడెక్కిపోతుంది, నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. 5 సెకన్లకు మించి అలా పట్టవద్దని నాన్నకు చెప్పండి. ఇంకొక్కటి చెప్పి ఈ పోలిక వదిలేస్తాను. పెద్దచెయ్యి తీసేసినా వేలు కష్టపడి రాయగలదు. నూనె మొత్తం పోయినా స్టీరింగ్ బిగుసుకుపోదు, బాగా బరువెక్కుతుంది, అంతే. కానీ నూనె లేకుండా తిరిగిన పంపు పాడవుతుంది.

మా చిన్నతనంలో ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవారు. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి, వెదురుగొట్టంలో నింపి, బండి కిందే వేలాడదీసేవారు. చక్రం కిర్రుమనకముందే పెట్టేవాళ్ళను ఊళ్ళో మంచి రైతులనేవారు. ఎడ్ల మెడ నొప్పి తెలిసినవాళ్ళు వాళ్ళు.

ఇక చూసే పద్ధతి. నాన్న పక్కన ఉండాలి, ఇంజను ఆగి చల్లగా ఉండాలి, తాళంచెవి నాన్న జేబులో ఉండాలి. బానెట్ కింద చిన్న డబ్బా మూత మీద స్టీరింగ్ చక్రం బొమ్మ ఉంటుంది. మూత చుట్టూ దుమ్ము గుడ్డతో తుడిచాకే తియ్యాలి. లోపల పడ్డ ఇసుక రేణువు పంపును గీకేస్తుంది. కొలపుల్ల మీద చల్లటి నూనెకూ వేడి నూనెకూ వేరువేరు గీతలుంటే, మీరు చల్లటి గీత చూడాలి. దాన్ని మించి పోస్తే వేడికి నూనె ఉబ్బి బయటికి పొంగుతుంది. ఒక చుక్క తెల్ల కాగితం మీద వెయ్యండి. చాలా కార్లలో ఈ నూనె ఎర్రగా, తేటగా ఉంటే మంచిది. గోధుమరంగు అయితే మార్చే రోజులు దగ్గరపడ్డాయి. నల్లబడి మాడు వాసన వస్తే ఆలస్యమైంది.

ఏ నూనె పొయ్యాలో మూత మీదా మాన్యువల్‌లోనూ రాసి ఉంటుంది. చాలా కార్లకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్లకు వాడే నూనె), హోండా కార్లకు వాళ్ళ సొంత నూనె. బ్రేక్ ఆయిల్ మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, రబ్బరు సీళ్ళను పాడుచేస్తుంది. ఈ నూనె బ్రేకు డబ్బాలో పడితే ఇంకా ప్రమాదం. పాత ఇండికా, మొదటి తరం ఫిగో లాంటివాటికి ఈ నూనె ఉంటుంది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ఆ పని మోటారే చేస్తుంది, డబ్బా వెతికినా దొరకదు.

చిట్టీ, నీకో లెక్క. మొత్తం నూనె లీటరు, డబ్బాలో పట్టేది పావులీటరు అనుకో. పెద్ద సిరంజితో పావు తీసి కొత్తది పోసి, రెండు రోజులు కారు తిప్పి, మళ్ళీ అలాగే చేస్తే, నాలుగుసార్లకు పాత నూనె ఎంత మిగులుతుంది? సున్నా అనకు. నూటికి 32 పాళ్ళు మిగులుతుంది. నల్లబడిన నూనెకు ఈ పద్ధతి చాలదు. ర్యాకు నుంచి డబ్బాకు తిరిగొచ్చే పైపు ఊడదీసి మొత్తం కార్చాలి. ముందు చక్రాలు జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, ఇంజను ఆపి, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ మెల్లగా 15, 20 సార్లు తిప్పి గాలి పోగొట్టాలి, మధ్యమధ్యలో నూనె పోస్తూ. అది మెకానిక్ పని. తీసిన నూనె కాలవలో పొయ్యనివ్వకండి.

కారే చోట్లు నాకు తెలిసి నాలుగు: తిరిగొచ్చే పైపు క్లిప్పు, ఒత్తిడి పైపు అతుకు, పంపు ఇరుసు సీలు, ర్యాకు చివర మడతల రబ్బరు బూటు. ఆ బూటు నొక్కితే లోపల నూనె కదిలితే ర్యాకు సీలు పోయినట్టే. క్లిప్పుతో పోయేది క్లిప్పుతోనే పోనివ్వాలి, అందుకే ముందు దాన్నే చూడమనండి.

ఈ రాత్రి కారు ఆపాక ముందు భాగం కింద తెల్ల అట్ట పరిచి, దాని మీద చక్రాల చోటు గుర్తు పెట్టండి. పొద్దున చూడండి. రంగూ వాసనా లేని నీళ్ళయితే ఏసీవి. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. పచ్చగానో ఎర్రగానో ఉన్నా వేళ్ళకు జిడ్డు అంటకపోతే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్. ఎర్రగా, జిడ్డుగా ఉంటే మనం వెతికేది అదే. మరక ఏ చక్రం దగ్గరుందో బొమ్మ వేసి పంపండి.

మీ తాతయ్య