పాత పేటల చరిత్ర నడకలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నగరం పెరుగుతూ పోయి తనలో కలిపేసుకున్న పాత శివారు పేటల్లో స్థానిక చరిత్రపై ప్రసంగాలు చేయడం, ఆసక్తి ఉన్నవారిని వెంటబెట్టుకుని వీధులు తిప్పి చూపించడం నా పని. ఒకప్పుడు ఊరి అంచున ఉండి ఇప్పుడు నడిబొడ్డుకు చేరిన ఇటువంటి పేటల్లో రాజభవనాలు అరుదు; ఉన్నవల్లా కాయకష్టం చేసుకుని బతికినవారి ఇళ్లు, గోదాములు, ప్రార్థనాలయాలు, బళ్లు. వీటి గురించి పుస్తకాలకెక్కినదానికంటే నోటి మాటగా మిగిలినదే ఎక్కువ కనుక, దాదాపు ప్రతి నడకలోనూ ఎవరో ఒకరు ఈ కింది మాటల్లో ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

అపోహ: ఇటుకలతో మూసేసిన కిటికీ కనబడితే అది పన్ను తప్పించుకోవడానికి మూసినదే.

ఇంగ్లండ్‌లో 1696లో, ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో లెక్కగట్టి వసూలు చేసే కిటికీల పన్ను విధించారు, 1851లో రద్దు చేశారు. ఆ భారం తగ్గించుకోవడానికి కొందరు కిటికీలు పూడ్పించుకున్నారన్నదీ నిజమే. అయితే అక్కడి పాత వీధుల్లో పూడిన ప్రతి కిటికీకీ ఇదే కథ అతికించడం సరికాదు. ఇంటి ముఖభాగం రెండు వైపులా ఒకే తీరుగా కనబడాలన్న ఉద్దేశంతో, లోపల పొగగొట్టమో అడ్డుగోడో ఉన్నచోట కిటికీ ఆకారాన్ని మాత్రమే తీర్చి, మొదటి నుంచీ ఇటుకతో మూసి కట్టిన ఇళ్లు అనేకం ఉన్నాయి. తేడా తెలుసుకోవాలంటే గోడకు మూరెడు దూరంలోకి వెళ్లి నిలబడాలి. పూడిన భాగంలోని ఇటుక వరసలు పక్క గోడ వరసల్లోకి అల్లుకుపోయి ఉంటే అది సాధారణంగా గోడతోపాటే కట్టినది. అంచు వెంబడి పైనుంచి కిందిదాకా ఒకే నిలువు అతుకు కనబడి, ఇటుక రంగూ సున్నం తీరూ మారిపోతే అది తర్వాత పూడ్చినది. తర్వాత పూడ్చినంత మాత్రాన కారణం పన్నే కానక్కరలేదు. ఆ ఇల్లు 1851 తర్వాత కట్టినదైతే పన్ను ప్రసక్తే రాదు. నడకకు వచ్చినవారికి నేను కథ చెప్పకముందే అతుకు చూపించి, మీకేమనిపిస్తోందని అడుగుతాను.

అపోహ: పాత కాగితంలో ఉన్న ఇంటి నంబరూ ఇప్పటి నంబరూ ఒకటే.

ఈ పొరపాటు నేనూ చేశాను. తొలినాళ్లలో ఒక ప్రసంగంలో, పాత డైరెక్టరీలో, అంటే ఏ వీధిలో ఏ నంబరులో ఎవరున్నారో అచ్చువేసిన పుస్తకంలో, కనబడిన రొట్టెల దుకాణాన్ని అదే నంబరున్న ఇప్పటి ఇంటికి తగిలించి, తెర మీద ఫొటోతో సహా చూపించాను. ఆ ఇంటివారు మూడో వరసలో కూర్చుని ఎంతో సంతోషించారు. రెండు వారాల తర్వాత ఆ దుకాణం వీధికి అవతలి కొసన ఉండేదని తేలినప్పుడు వారి గడప తొక్కి చెప్పుకోవలసి వచ్చింది. వీధులు పొడుగైనప్పుడూ, చిన్న వీధులు కలిసిపోయినప్పుడూ నంబర్లు మారుస్తారు. లండన్‌లో 1855 తర్వాత మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ అనే నగర నిర్మాణ పనుల సంస్థ ఈ పనిని పెద్ద ఎత్తున చేపట్టింది. పాత వీధి డైరెక్టరీల్లో పేర్ల నడుమ అడ్డవీధి ఎక్కడ కలుస్తుందో ప్రత్యేకంగా అచ్చువేసే పద్ధతి ఉంది. నంబరును పక్కనపెట్టి, ఆ మూల నుంచి ఎన్నో ఇల్లో లెక్కపెట్టుకుంటూ రావడం చాలా నయం. సిడ్నీలో 1858 నుంచి 1933 వరకు వెలువడిన శాండ్స్ డైరెక్టరీ వంటివి ఇందుకు ఎంతో ఉపయోగపడతాయి, కాని వాటిలో ఉండేది ప్రధానంగా ఇంటి పెద్ద పేరే. అదే కప్పు కింద గది అద్దెకు తీసుకుని ఉన్నవారు, భార్యాబిడ్డలు ఆ పుటల్లో కనబడరు.

అపోహ: ఇదంతా ఒకప్పుడు మురికివాడ, ఇక్కడివాళ్లంతా అట్టడుగువాళ్లు.

ఈ ముద్ర ఎవరు వేశారన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న. సామాజిక పరిశోధకుడు చార్లెస్ బూత్ లండన్ పేదరికంపై 1886లో మొదలుపెట్టిన సర్వేలో వీధివీధికీ ఒక రంగు వేయించి, అన్నిటికంటే కింది వర్గానికి నలుపు కేటాయించి, వారిని సగం నేరస్థులుగా వర్ణించాడు. ఆ పటాన్ని సవరించేటప్పుడు ఆయన పరిశోధకులు బీటు పోలీసుల వెంట నడిచారు. అదీ ఒక చరిత్ర నడకే అనుకోవచ్చు, కాకపోతే దారి చూపినది పోలీసు కన్ను. సిడ్నీలో రేవు పక్కనున్న పాత పేట ది రాక్స్ విషయం ఇంకా స్పష్టం. 1900లో ప్లేగు వచ్చాక ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని స్వాధీనం చేసుకుంది, చాలా ఇళ్లను కూల్చింది. 1994లో కంబర్లాండ్, గ్లౌస్టర్ వీధుల మధ్య తవ్వినప్పుడు బయటపడిన వాటిలో మేలైన పింగాణీ సామాను, పిల్లల ఆటబొమ్మలు ఉన్నాయి. పేదరికం లేదని ఇవి చెప్పవు; ముచ్చటపడి కొనుక్కున్న పళ్లాన్ని అలమరలో నిలబెట్టుకునే సంసారాలు అక్కడ ఉండేవని మాత్రం చెబుతాయి.

అపోహ: హాలులో చెప్పే ప్రసంగాన్నే వీధిలో చెబితే నడక అవుతుంది.

కాదు. హాలులో పటం మీద వేలు పెట్టి చూపిస్తూ ఇరవై నిమిషాలు ఒకే విషయం చెప్పవచ్చు; వీధిలో నాలుగు నిమిషాలు దాటితే కాళ్లు కదులుతాయి. ఎండ నా ముఖాన పడేలా నిలబడతాను, వినేవారి కళ్లలో కాదు. బస్సు వస్తే ఆగుతాను.

అపోహ: పెద్దవాళ్ల జ్ఞాపకంలో తేదీ తప్పితే ఆ సాక్ష్యం పనికిరాదు.

ఇటలీలోని తెర్ని పట్టణంలో లుయిజి ట్రాస్టుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949 మార్చి 17న, నాటోలో చేరికకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో మరణించాడు. అయితే ఆ పట్టణంలో చాలామంది, అతడు 1953లో ఉద్యోగాల తొలగింపుపై జరిగిన ఆందోళనలో చనిపోయాడని చెప్పేవారు. చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్తెల్లి ఈ తేడాను పొరపాటుగా కొట్టిపారేయక, ఆ ఊరివారిని ఏ దెబ్బ ఎక్కువ బాధించిందో చెప్పే ఆధారంగా చదివాడు. నేను కూడా నడకలో రెండు తేదీలు ఎదురైతే రెండూ చెబుతాను, ఏది కాగితం నుంచి వచ్చిందో, ఏది ఎవరి నోటి నుంచి వచ్చిందో వేరు చేసి చెబుతాను. చివరి మజిలీని ఎప్పుడూ కూర్చోవడానికి అరుగో బల్లో ఉన్నచోటే పెట్టుకుంటాను. ఆ వీధిలో పుట్టి పెరిగినవారు అంతసేపూ వెనక నిలబడి విని, జనం వెళ్లిపోయాక గాని, “మీరు చెప్పిన ఆ కిటికీ ఉంది చూశారా, అది మా తాత పూడ్పించాడండీ” అని మొదలుపెట్టరు.