తక్షశిలలో విశ్వవిద్యాలయం ఎక్కడ? గాంధార యాత్రపై అపోహలు – వాస్తవాలు

నేను ఇంగ్లండులో స్థిరపడిన తెలుగువాణ్ణి. చారిత్రక స్థలాలకు చిన్న బృందాలను తీసుకువెళ్లి, అక్కడి శిథిలాలను వివరించి చెప్పడం నా వృత్తి. పాకిస్తాన్ వాయవ్య భాగంలోని తక్షశిల, మర్దాన్, స్వాత్ లోయలకు బయలుదేరే ప్రతి బృందమూ కొన్ని గట్టి నమ్మకాలను వెంట తెచ్చుకుంటుంది. వాటిలో చాలామటుకు రాళ్లు చెప్పినవి కావు, ఆ రాళ్లకు తర్వాతి కాలంలో తగిలించిన పేర్లు చెప్పినవి. నన్ను తరచుగా అడిగేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గాంధారి పుట్టిల్లయిన గాంధారం అంటే నేటి కాందహార్.

మన ఇళ్లలో మహాభారతం చెప్పుకునేటప్పుడు ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. కానీ గాంధారానికి నడిబొడ్డు పెషావర్ లోయ. నేటి చార్సద్దా ఒకనాటి పుష్కలావతి. నేటి పెషావర్ ఒకనాటి పురుషపురం. సింధునది దాటి తూర్పుకు వస్తే తక్షశిల. కాందహార్ అక్కడికి నైరుతిగా వందల కిలోమీటర్ల దూరంలో, గ్రీకులు అరకోసియా అని పిలిచిన ప్రాంతంలో ఉంది. ఈ రెండు సీమల తేడా అశోకుడికి బాగా తెలుసు. 1958లో కాందహార్‌లో బయటపడిన ఆయన శాసనం గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఉండగా, మర్దాన్ దగ్గరి షాబాజ్‌గఢీ బండలపై ఆయన ఆజ్ఞలు ప్రాకృతంలో, కుడి నుంచి ఎడమకు రాసే ఖరోష్ఠి లిపిలో ఉన్నాయి. అదే రాజు మన కర్నూలు సీమలోని ఎర్రగుడిలో బ్రాహ్మీ లిపిని వాడాడు. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు మాత్రం కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఎర్రగుడిని చూసినవారు షాబాజ్‌గఢీ బండ ముందు నిలబడితే కలిగే అనుభూతి వేరు.

అపోహ: తక్షశిలలో నలందా వంటి విశ్వవిద్యాలయ భవనాలు ఉన్నాయి.

బస్సు దిగగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే, నిరాశ కలిగించే జవాబు కూడా దీనిదే. తక్షశిల గొప్ప విద్యాకేంద్రమన్న మాట నిజం. జాతక కథల్లో రాజకుమారులు, బ్రాహ్మణ బాలురు తక్కసిలకు (పాళీలో తక్షశిల పేరు) వెళ్లి, గురువుకు ముందుగా దక్షిణ ఇచ్చో, ఇవ్వలేనివారు పగలు ఇంటి పనులు చేసి రాత్రి పాఠం విన్నో చదువుకుంటారు. వైద్యుడు జీవకుడు ఏడేళ్లు అక్కడే చదివాడని బౌద్ధ గ్రంథాలు చెబుతున్నాయి. అయితే ఆ చదువు గురువు ఇంట్లో సాగిన చదువు. దానికి ప్రత్యేకమైన ప్రాంగణమో, ప్రవేశద్వారమో ఉండేదని తవ్వకాల్లో ఆధారం దొరకలేదు. చాణక్యుడి కాలపు తక్షశిలను చూడాలనుకునేవారు భీర్ దిబ్బకు వెళ్లాలి. అక్కడ వంకర సందులు, రాతి గోడల చిన్న గదులు తప్ప మరేమీ కనిపించదు గనుక చాలామంది పది నిమిషాల్లో వెనుదిరుగుతారు. నేను మాత్రం ఆ సందుల్లోనే ఎక్కువసేపు నిలబెడతాను, ఎందుకంటే ఆ గురువుల ఇళ్లు ఉండి ఉంటే అలాంటి సందుల్లోనే ఉండి ఉంటాయి.

'విశ్వవిద్యాలయం' అని చూపించే జౌలియాన్ కొండ మీది కట్టడం నిజానికి బౌద్ధ సంఘారామం. నడుమ చతురస్రపు ముంగిలి, చుట్టూ భిక్షువుల గదులు, పక్కన వంటశాల, భోజనశాల ఉన్న ఆ ఆరామం క్రీస్తు శకంలో, అంటే చాణక్యుడికి కొన్ని వందల ఏళ్ల తర్వాత కట్టినది. అక్కడ చదువు జరగలేదని నేను అనడం లేదు. మంటల్లో కాలి నల్లబడిన భూర్జపత్ర (చెట్టు బెరడు మీద రాసిన) గ్రంథం ముక్కలు ఆ ఆరామంలోనే దొరికాయి. నాకు జౌలియాన్ మీద ఉన్న మమకారమంతా ఆ కాలిన ముక్కల వల్లనే కలిగింది.

అక్కడే నాభి దగ్గర రంధ్రం ఉన్న ఒక గార బుద్ధుణ్ణి చూపించి, అందులో వేలు పెడితే రోగం నయమవుతుందని చెబుతారు. విగ్రహం కింద ఉన్న ఖరోష్ఠి అక్షరాలు చెప్పేది దాత పేరు: బుద్ధమిత్రుడనే భిక్షువు. దయచేసి వేలు పెట్టకండి. గార మెత్తనిది, ప్రతి వేలికీ కాస్తంత అరిగిపోతుంది.

అపోహ: గాంధార శిల్పాలు గ్రీకులు చెక్కినవి.

విగ్రహాల ముంగురులు, వస్త్రాల మడతలు చూసి ఈ నిర్ణయానికి వస్తారు. గాంధార శిల్పంలో అధిక భాగం కుషాణ రాజుల కాలంలో, అంటే క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో, ఆ తర్వాత తయారైంది. అప్పటికి అక్కడ గ్రీకు రాజుల పాలన ముగిసిపోయింది. గ్రీకు రూపాలు అక్కడ నిలిచిపోయిన మాట, రోమన్ ప్రపంచంతో వర్తకం కొత్త రూపాలను తెచ్చిన మాట వాస్తవమే. కానీ చెక్కినది స్థానిక షిస్టు రాయి, చెప్పినది బుద్ధుని కథ, కింద రాసినది ఖరోష్ఠి.

దీనికి నేను చూపించే సాక్ష్యం తక్షశిలలోని సిర్కప్ నగరపు పెద్ద వీధి పక్కన ఉన్న చిన్న స్తూప పీఠం. దాని ముఖం మీద మూడు రకాల ద్వారాలు చెక్కి ఉన్నాయి: ఒకటి గ్రీకు ఆలయాల త్రికోణపు కప్పు, ఒకటి మన చైత్యగృహాల కమాను, ఒకటి సాంచీలో కనిపించే తోరణం. ఆ కమాను మీద రెండు తలల పక్షి వాలి ఉంటుంది. మనవాళ్లు చూడగానే 'గండభేరుండం' అంటారు. మూడు రకాల వాకిళ్లను ఒకే గోడ మీద పక్కపక్కన పెట్టిన ఆ శిల్పిని కేవలం గ్రీకువాడనడం ఎలా కుదురుతుంది? మెట్ల మీద కూర్చుని ఆ గోడను నింపాదిగా చూడండి.

పేరు ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి మరొక ఉదాహరణ ఉంది. పెషావర్ శివార్లలోని షాజీ కీ ఢేరీలో 1908–09లో పురావస్తు శాస్త్రవేత్త స్పూనర్ జరిపిన తవ్వకంలో కుషాణ రాజు కనిష్కుని ధాతుకరండం (బుద్ధుని ధాతువులను, అంటే అస్థి అవశేషాలను, ఉంచే పేటిక) దొరికింది. దాని మీది అక్షరాల్లో 'అగిసల' అనే మాటను చూసి, అది అగెసిలాస్ అనే గ్రీకు శిల్పి పేరని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. పేటికను శుభ్రం చేశాక 2002లో ప్రచురించిన కొత్త పఠనంలో అది 'అగ్నిశాల' అని, అంటే ఆరామపు భోజనశాల అని తేలింది. పర్యవేక్షకుల పేర్లు మహాసేనుడు, సంఘరక్షితుడు. గ్రీకు శిల్పి అక్కడ లేనే లేడు.

అపోహ: మ్యూజియంలోని పేటికల్లో ఇప్పటికీ బుద్ధుని ధాతువులు ఉన్నాయి.

కనిష్కుని పేటికలోని అస్థి శకలాలను 1910లోనే బర్మాలోని మాండలేకు పంపించారు. పెషావర్ మ్యూజియంలో మనం చూసేది పేటికను మాత్రమే. తక్షశిల ధర్మరాజిక స్తూపం దగ్గర తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త జాన్ మార్షల్‌కు దొరికిన ధాతువుల కథ కూడా ఇటువంటిదే. చిన్న బంగారు భరిణె, దానికి రక్షగా వెండి పాత్ర, పక్కన వెండి రేకు మీద ఖరోష్ఠి రాత. ఆ ధాతువులు తర్వాత శ్రీలంక బౌద్ధులకు చేరాయి. మన భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి తవ్వినప్పుడు రాతి పెట్టెలో స్ఫటిక పేటిక బయటపడింది. పెట్టెలో పెట్టె, దానిలో మరో పెట్టె అనే ఆ పద్ధతి అక్కడా ఇక్కడా ఒకటే. దర్శనానికి వెళ్తున్నామనుకునే పెద్దవారికి ఈ సంగతి ప్రయాణానికి ముందే చెబుతాను, అక్కడికి వెళ్లాక వారి మనసు నొచ్చుకోకూడదు.

అపోహ: హూణులు వచ్చి ఒక్క దెబ్బతో అంతా నాశనం చేశారు.

తక్షశిల ఆరామాల్లో కాలిన ఆనవాళ్లు ఉన్నాయి. మార్షల్ వాటిని హూణుల దాడికి ముడిపెట్టాడు, ఆ మాటే స్థిరపడింది. అయితే తోరమానుడితో సహా హూణ పాలకుల పేర్లను స్తూప దాతలుగా పేర్కొన్న ఒక రాగి శాసనం తర్వాత వెలుగులోకి వచ్చింది. కాబట్టి కథ అంత సూటిగా లేదు. భూకంపాలు, మారిన వర్తక మార్గాలు, తగ్గిన దానాలు, ఆ తర్వాత నిధుల కోసం స్తూపాల నడుమ తవ్విన గోతులు, 19వ శతాబ్దంలో ఎక్కడ దొరికిందో రాసుకోకుండా శిల్పాలను పెకలించి తీసుకుపోయిన బ్రిటిష్ అధికారులు – అందరికీ ఇందులో వాటా ఉంది. మన కాలానికీ ఉంది. స్వాత్‌లోని జహానాబాద్ బుద్ధుని ముఖాన్ని 2007లో తాలిబన్లు పేల్చివేశారు. ఇటాలియన్ పురావస్తు బృందం ఏళ్ల తరబడి శ్రమించి దాన్ని సరిచేసింది.

అపోహ: శిథిలాల దగ్గర అమ్మే నాణేలు అసలైనవి, చవకైనవి.

ఒకసారి సిర్కప్ గోడ పక్కన ఒక పెద్దాయన చేతిరుమాలు విప్పి నాకు కుషాణ నాణెం చూపించారు. అంచును వేలితో తడిమితే, అచ్చు రెండు సగాలు కలిసిన చోట ఏర్పడే సన్నని గీత చుట్టూ తగిలింది. ఆ కాలపు నాణేన్ని ముద్రతో కొట్టేవారు, దానికి అలాంటి గీత ఉండదు. ఒకవేళ అది అసలైనదే అయితే, కొని దేశం దాటించడం నేరం. రెండు విధాలా కొనకూడదు.

అపోహ: భారత పాస్‌పోర్టు ఉన్నవారికి గాంధారం అందని పండు.

తక్షశిలకు వెళ్లడం ఇప్పుడు వారికి దాదాపు అసాధ్యం, అందులో సందేహం లేదు. విదేశీ పౌరసత్వం ఉన్న తెలుగువారు కూడా భారత సంతతికి వర్తించే నిబంధనలను రాయబార కార్యాలయంలో కనుక్కున్నాకే టికెట్లు కొనుక్కోవాలి. కానీ గాంధారంలో కొంత భాగం భారతదేశంలోనే ఉంది. దేశ విభజన తర్వాత, 1948లో లాహోర్ మ్యూజియం సేకరణను పంచినప్పుడు 60 శాతం పాకిస్తాన్‌కు, 40 శాతం భారత్‌కు దక్కాయి. మన వాటా కొన్ని ఊళ్లు తిరిగి చివరికి చండీగఢ్ మ్యూజియం చేరింది. కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలోనూ మంచి సేకరణ ఉంది.

చండీగఢ్ వెళ్లే తెలుగువారు ముందుగా నాగార్జునకొండను చూసి వెళ్తే మేలు. అక్కడి శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసిక వేయించినది ఒకటి ఉంది. సింహళ భిక్షువులు ధర్మాన్ని వ్యాపింపజేసిన దేశాల పట్టికలో అది కాశ్మీర, గాంధారాలను పేర్కొంటుంది. ఆమె కట్టించిన గజపృష్ఠాకార (ఏనుగు వీపులా ఒక కొస గుండ్రంగా ఉండే) చైత్యం లాంటిదే సిర్కప్ నగరం నడుమ కూడా ఉంది.

చండీగఢ్‌లో వరుసగా కథ చెప్పే పలకల ముందు నిలబడినప్పుడు కుడి చివర నుంచి మొదలుపెట్టండి. అవి ఒకప్పుడు స్తూపం చుట్టూ అమర్చినవి. స్తూపాన్ని కుడివైపు ఉంచుకొని ప్రదక్షిణం చేసే భక్తుడికి తర్వాతి ఘట్టం ఎప్పుడూ ఎడమ పక్కనే ఎదురవుతుంది. ఒక్కో ఘట్టానికీ మధ్య ఆకుల తలకట్టు ఉన్న చిన్న స్తంభం కనిపిస్తుంది, అక్కడ ఒక అడుగు వేసి తర్వాతి పలకకు సాగండి.