కాలువలో ‘రాక్షస ఎలుక’: న్యూట్రియా, నీటికుక్క, పందికొక్కు మీద అపోహలు - వాస్తవాలు

ఆ వీడియో ఈ వానాకాలంలో నాకు ఐదారుసార్లు వచ్చింది. కాలువ ఒడ్డున కుక్కపిల్లంత జంతువు, నారింజ రంగు పళ్లు, ఎలుక తోక. కింద ‘కృష్ణా కాలువల్లోకి రాక్షస ఎలుకలు వచ్చాయి, పిల్లల్ని నీళ్లలోకి దింపకండి’ అని రాత. గుంటూరులో ఉంటూ తెనాలి, దుగ్గిరాల వైపు పొలాల్లో ఎలుకల నివారణ మీద రైతులతో పనిచేస్తాను కాబట్టి అందరూ నన్నే అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: అది మన పందికొక్కే, బాగా ముదిరి అంత అయింది.

కాదు. దాని పేరు న్యూట్రియా. సొంత ఊరు దక్షిణ అమెరికా, అర్జెంటీనా, చిలీ, ఉరుగ్వే వైపు చిత్తడి నేలలు. సాధారణంగా 5 నుంచి 9 కిలోలు తూగుతుంది. మన వరిచేలల్లో ఎక్కువగా కనిపించే చిన్న పందికొక్కు అరకిలో కూడా ఉండదు. వీడియోలో వెనక కాళ్లు చూడండి. వేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం ఉంటుంది, చివరి వేలు ఒక్కటే విడిగా ఉంటుంది. పళ్లకు ఆ రంగు పైపొరలో ఉన్న ఇనుము వల్ల వచ్చింది. పెదవులు ముందుపళ్ల వెనక మూసుకుంటాయి, అందుకే నీళ్లలో మునిగి కూడా వేర్లు కొరుక్కోగలదు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది దాని చనుమొనలు. పొట్ట కింద కాకుండా పక్కల మీద, వీపుకి దగ్గరగా ఉంటాయి. తల్లి ఈదుతుంటే పిల్లలు పక్కన తేలుతూ పాలు తాగుతాయి.

ఇన్నేళ్లలో మన కాలువ కట్టల మీద నాకు న్యూట్రియా ఒక్కటీ కనబడలేదు. టెన్షన్ పడకండి.

అపోహ: నీటికుక్కన్నా న్యూట్రియా అన్నా ఒకటే.

ఈ గందరగోళం పేరులోనే ఉంది. స్పానిష్‌లో ‘న్యూట్రియా’ అంటే నీటికుక్కే! కానీ నీటికుక్క చేపలు పట్టి తినే వేట జంతువు, ఎలుక జాతి కాదు. మన కృష్ణా మడ అడవుల్లో ఉంది, దానికి చట్టం రక్షణ ఉంది. పెద్ద ఎలుక అనుకుని దాన్ని కర్రలతో తరమకండి, మీకు దణ్ణం పెడతాను. పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: ఇంగ్లీషువాళ్ల ‘బాండికూట్’ మన ‘పందికొక్కు’ నుంచి పోయిందే. తర్వాత ఆస్ట్రేలియాలో పిల్లల్ని సంచిలో మోసే కొన్ని చిన్న జంతువులకి కూడా అదే పేరు పెట్టారు.

అపోహ: గడ్డీ గాదం తినే జంతువు, దానివల్ల నష్టమేముంటుంది?

రోజుకి తన బరువులో దాదాపు పావు వంతు తింటుంది. అదీ మొక్క మొదలు, వేరు తిని మిగతాది పారేస్తుంది. చిత్తడి నేలలో బురదని పట్టి ఉంచేది ఆ వేర్లే. అవి పోతే మట్టి ఆటుపోట్లకి కొట్టుకుపోతుంది, గడ్డినేల ఉన్నచోట నీటిమడుగు మిగులుతుంది. అమెరికాలో లూసియానా తీరం ఇలాగే చాలా నేల పోగొట్టుకుంది. దానికితోడు గట్లలో బొరియలు.

ఈ రెండో పని మన దగ్గర పందికొక్కు చేస్తోంది. కిందటేడు దుగ్గిరాల దగ్గర ఒక పెద్దాయన తన గట్టు చూడమని తీసుకెళ్లారు. చేను వైపు తాజా మట్టి కుప్పలు, ఇంకా తడి ఆరలేదు. కాలువ వైపు తుంగ దుబ్బులే. “ఇటు ఏం లేదు బాబూ” అన్నారు. తుంగ పక్కకి తీశాను. నీటికి జానెడు పైన అరచెయ్యి పట్టేంత కన్నం. పారతో తవ్వుకుంటూ పోతే మధ్యలో ఒక గది, అందులో కొరికి తెచ్చిన వరి వెన్నులు, కొడవలితో కోసినట్టు నీటుగా పేర్చి ఉన్నాయి. “బాబాయ్ గారూ, గింజల సంగతి వదిలేయండి, ఈ దారి చూడండి” అన్నాను. కాలువలో నీళ్లు ఇంకో జానెడు పెరిగితే ఆ దారినే చేలోకి కారతాయి. కారుతూ లోపలి మట్టిని కోసుకుపోతాయి. సన్నటి ధార కాస్తా గట్టు కూలేదాకా వస్తుంది.

అపోహ: ఇలాంటివి తెచ్చి పెంచుకుంటే మంచి లాభం.

విజయవాడ నుంచి ఒక కుర్రాడు పెట్‌గా తెప్పించుకోవచ్చా అని అడిగాడు. వద్దు నాన్నా. ఇంగ్లండ్‌కి 1929లో బొచ్చు వ్యాపారం కోసమే తెచ్చారు. దొడ్లలోంచి తప్పించుకుని తూర్పు ప్రాంతమంతా పాకాయి. 1962-63 శీతాకాలంలో గడ్డకట్టే చలికి చాలా చచ్చాయి. మన డెల్టాలో ఆ చలి కూడా లేదు. ఏడాది పొడవునా నీళ్లు, గుర్రపుడెక్క, తూటికాడ. ఒక్క జంట బయటపడితే చాలు.

అపోహ: చంపి తెచ్చిన తోకకి ఇంత అని డబ్బులిస్తే పోతాయి.

లూసియానాలో 2002 నుంచి ఇస్తున్నారు. తోకకి 4 డాలర్లతో మొదలై 6 డాలర్లకి చేరింది. నష్టం అదుపులో ఉంటుంది, జంతువు మాత్రం అక్కడే ఉంది. ఇంగ్లండ్‌లో 1981లో బోనులు పెట్టి పట్టేవాళ్లని 24 మందిని జీతానికి పెట్టి, పదేళ్లలోపు పని ముగిస్తే పెద్ద బోనస్ ఇస్తామన్నారు. ఒక్కటీ మిగలకుండా గాలించారు, 1989 నాటికి పూర్తయింది. అమెరికాలోనే మేరీలాండ్ రాష్ట్రంలో కూడా కుక్కలతో వెతికి వెతికి 2022లో ముగించారు. రెండుచోట్లా ప్రాంతమంతా కలిపి, చివరిదాకా చేశారు.

మన రైతులు సరిగ్గా ఇక్కడే దెబ్బ తింటున్నారు. ఒకాయన మందు పెడతాడు, పక్క చేనాయన వచ్చేవారం చూద్దాంలే అంటాడు. న్యూట్రియా చూలు నాలుగు నెలల పైమాట, పందికొక్కుకి మూడు వారాలు చాలు. ఖాళీ అయిన కన్నంలోకి పక్క గట్టుది దిగుతుంది.

అపోహ: ఎలుకలు మందుని పసిగడతాయి.

జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు అయితే నిజమే. తిన్న కాసేపటికే బాధ మొదలవుతుంది, కొద్దిగా తిని బతికింది మళ్లీ ముట్టదు. అందుకే ముందు రెండు రోజులు మందు లేని నూకలు పెట్టాలి. బ్రోమోడయోలోన్ అనే ఇంకో మందు నెమ్మదిగా కొన్ని రోజుల మీద పనిచేస్తుంది, కాబట్టి అనుమానం రాదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు పొడి. చేతికి గ్లౌజులు వేసుకోండి, పిల్లలకీ కోళ్లకీ అందనివ్వకండి. ఎవరైనా పొరపాటున తింటే ప్యాకెట్‌తో సహా ఆసుపత్రికి వెళ్లండి. బ్రోమోడయోలోన్‌కి విరుగుడు విటమిన్ కె1.

ఇంకొకటి. జెర్రిపోతు గేదె పొదుగు దగ్గర పాలు తాగదు, ఎలుకలు తింటుంది. గుడ్లగూబ కూడా అంతే. చంపకండి.

వరి పొట్టదశకి రాకముందే పని ముగించాలి, ఆ తర్వాత అవి పిల్లల మీద పిల్లలు పెడతాయి. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరిచి ఉన్నవాటిలోనే మందు పొట్లం వేయాలి. ఆ పెద్దాయన గట్టు వెంట ఉన్న రైతులంతా ఈసారి ఒకే సాయంత్రం మూస్తామన్నారు. పొద్దున్నే తెరిచిన కన్నాలు లెక్కపెట్టడానికి నేనూ వెళ్తున్నాను.