అమెరికా బాలల కోర్టుల్లో రంగు తేడా: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో బాలల కోర్టులో పిల్లల తరఫున వాదించే లాయర్‌ని. మన తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా ఈ మాటలు వింటుంటాను, విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

అపోహ: నల్లజాతి పిల్లలు ఎక్కువ తప్పులు చేస్తారు, అందుకే ఎక్కువమంది లోపలుంటారు.

వాస్తవం: 2021 లెక్కల్లో నల్లజాతి పిల్లలు నిర్బంధంలో ఉండే రేటు తెల్లపిల్లల కంటే దాదాపు 4.7 రెట్లు. కొన్ని తీవ్రమైన కేసుల్లో అరెస్టుల తేడా ఉంది, కాదనను. కానీ మత్తుమందుల వాడకం గురించి పిల్లలే చెప్పుకునే సర్వేల్లో అలాంటి తేడా కనిపించదు. బడిలో తోపులాట జరిగితే ఒక పిల్లాణ్ని ప్రిన్సిపాల్ గదికి పంపిస్తారు, ఇంకో పిల్లాణ్ని పోలీసు కారెక్కిస్తారు.

అపోహ: ఇప్పుడు పిల్లల్ని లోపల పెట్టడమే తగ్గిపోయిందిగా!

వాస్తవం: తగ్గింది. 2000లో లక్షకు పైగా ఉన్న సంఖ్య 2020 నాటికి పాతిక వేల దరిదాపులకు వచ్చింది. తేడా మాత్రం పోలేదు.

అపోహ: జడ్జి మంచివాడైతే చాలు.

వాస్తవం: పిల్లాడు జడ్జి ముందుకొచ్చేసరికే చాలా నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. అరెస్టయిన రాత్రి, పిల్లాణ్ని లోపల ఉంచాలా, ఇంటికి పంపాలా అని మార్కులు వేసి తేల్చే ఒక ఫారం నింపుతారు. నా దగ్గరికొచ్చిన ఒక పద్నాలుగేళ్ల పిల్లాడి ఫారంలో 'తల్లి ఫోన్ ఎత్తలేదు' అని రాసి ఉంది. ఆమె గోదాంలో రాత్రి షిఫ్టులో ఉంది, ఫోను లాకర్లో పెట్టింది. ఇంట్లో అమ్మమ్మ మేలుకునే ఉంది. ఆమె గురించి అడిగే గడే ఆ ఫారంలో లేదు! మూడు రాత్రులు లోపలే ఉన్నాడు.

ఇది మార్చలేనిదేం కాదు. ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరం ఉన్న మల్ట్నోమా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 1990లలో ఆ ఫారాన్నే తిరగరాశారు. 'కుటుంబం సవ్యంగా ఉందా' అన్న ప్రశ్న తీసేసి, 'బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా' అని పెట్టారు. మేనమామైనా సరే, అమ్మమ్మైనా సరే. 'బడికి వెళ్తున్నాడా' అన్నచోట, పని నేర్చుకుంటున్నా లెక్కలోకి తీసుకున్నారు. గ్యాంగు మనిషన్న ముద్ర ఉంటే మార్కులు వేయడం మానేశారు. లోపల పెట్టడంలో తేడా బాగా తగ్గింది.

అపోహ: ఇందులో మనకేం సంబంధం?

వాస్తవం: మనవాళ్ల గ్యాస్ స్టేషన్లు, దుకాణాలు ఎన్ని లేవు? చాక్లెట్ జేబులో వేసుకున్న పిల్లాడు దొరికినప్పుడు పోలీసులను పిలిచే 911కి ఫోన్ చేయాలా, వాళ్లమ్మకు చేయాలా అని తేల్చేది కౌంటర్లో ఉన్న మనిషే.