ఫ్యామిలీ డాక్టర్ దొరకని చోట అర్జెంట్ కేర్ బోర్డు

అమెరికాలో ఇప్పుడు 14 వేలకు పైగా అర్జెంట్ కేర్ సెంటర్లున్నాయి. చాలావరకు పెద్దాసుపత్రి ఆవరణల్లో ఉండవు. కిరాణా స్టోర్ పక్కనో, పిజ్జా షాపు పక్కనో, కారు ఆపుకోవడానికి వీలున్న చోట ఉంటాయి. మామూలుగా పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, శని ఆదివారాలు కూడా తెరిచే ఉంటాయి. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. జ్వరం, గొంతునొప్పి, పిల్లల చెవిపోటు, మూత్రంలో మంట, కూరగాయలు కోస్తూ తెగిన వేలు, బెణికిన కాలు, ఇలాంటివాటికి వెళ్తారు. ఎక్స్‌రే తీస్తారు, కుట్లు వేస్తారు, ఫ్లూ పరీక్ష అక్కడికక్కడే చేసేస్తారు. ఛాతీలో నొప్పి అంటే మాత్రం ఈసీజీ తీసి అంబులెన్స్ పిలుస్తారు. సీటీ స్కాన్ సాధారణంగా ఉండదు, రాత్రికి పడుకోబెట్టే మంచాలూ ఉండవు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లను అడిగితే, ఇంటికి దగ్గర్లో ఉన్న అర్జెంట్ కేర్ పేరు టక్కున చెబుతారు. మీ ఫ్యామిలీ డాక్టర్ ఎవరంటే మాత్రం కాస్త ఆలోచిస్తారు. ఇది మనవాళ్ల సంగతే కాదు. 2018లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ సర్వే చేస్తే, అమెరికా పెద్దల్లో 26 శాతం మంది తమకంటూ ఒక ప్రైమరీ కేర్ డాక్టర్, అంటే ఏ జబ్బుకైనా ముందుగా వెళ్లి చూపించుకునే డాక్టర్ లేరన్నారు. 18 నుంచి 29 ఏళ్ల వాళ్లలో అది 45 శాతం. అర్జెంట్ కేర్ ఇంతగా ఎందుకు పెరిగిందో తెలియాలంటే, ముందు ఆ డాక్టర్ ఎటు పోయాడో చూడాలి.

రెండో ప్రపంచ యుద్ధం దాకా అమెరికాలో డాక్టరంటే ఎక్కువమందికి జనరల్ ప్రాక్టీషనరే. పురుడు పోసేదీ, ముసలాయన దగ్గుకు మందిచ్చేదీ ఆయనే. యుద్ధం తర్వాత స్పెషలిస్టుల కాలం వచ్చింది. పరిశోధనల డబ్బు, పెద్దాసుపత్రులు, పేరు, ఆదాయం అన్నీ అటే మొగ్గాయి. 1960ల నాటికి జనరల్ ప్రాక్టీసులోకి వచ్చే కుర్ర డాక్టర్లు బాగా తగ్గిపోయారు. ఈ లోటు గురించి 1966లో ఒకదాని వెనక ఒకటిగా కమిటీల నివేదికలు వచ్చాయి. వాటి ఫలితంగా 1969లో ఫ్యామిలీ ప్రాక్టీసును కూడా ఒక స్పెషాలిటీగా గుర్తించారు. స్పెషలిస్టుల మోజును తట్టుకోవడానికి జనరల్ డాక్టర్‌కే స్పెషలిస్టు హోదా ఇవ్వాల్సి వచ్చిందన్నమాట. హోదా అయితే వచ్చింది గానీ, దాంతోపాటు రావాల్సిన డబ్బు రాలేదు.

ఈలోగా 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ చట్టాలు వచ్చాయి. అప్పటిదాకా డాక్టర్ గడప తొక్కలేని వృద్ధులు, పేదలు వైద్యం అడగడం మొదలుపెట్టారు. అడిగేవాళ్లు పెరిగారు, చూసేవాళ్లు పెరగలేదు. అదే ఏడాది డ్యూక్ యూనివర్సిటీలో నేవీలో పనిచేసి వచ్చిన వైద్య సహాయకులతో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు, కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్‌ల చేతుల మీదుగా నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు మొదలయ్యాయి. డాక్టర్లు కాకపోయినా రోగులను చూసి వైద్యం చేసేలా, డాక్టర్లు లేని పల్లెలకు, పేద పిల్లలకు అక్కరకొస్తారని వీళ్లను తయారుచేశారు. ఇవాళ ఏ అర్జెంట్ కేర్ కెళ్లినా స్టెతస్కోపుతో లోపలికొచ్చేది చాలాసార్లు వీళ్లే.

ఇంటి డాక్టర్ దొరకనివాళ్లు ఆసుపత్రి ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్లడం నేర్చుకున్నారు. అప్పట్లో దాని పరిస్థితీ అంతంతమాత్రమే. అక్కడి డ్యూటీ ఎక్కువగా ఇంటర్న్‌లదో, వంతులవారీగా వచ్చే ఏ కంటి డాక్టర్‌దో, చర్మవ్యాధుల డాక్టర్‌దో. 1961లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియా ఆసుపత్రిలో జేమ్స్ మిల్స్, మరికొందరు డాక్టర్లు సొంత ప్రాక్టీసు వదిలేసి పూర్తిగా ఎమర్జెన్సీలోనే కూర్చోవడం మొదలుపెట్టారు. 1979లో ఎమర్జెన్సీ వైద్యం కూడా స్పెషాలిటీ అయింది.

అర్జెంట్ కేర్ పుట్టింది ఈ ఎమర్జెన్సీ డాక్టర్ల నుంచే. రోజూ తమ ముందు కూర్చునే రోగుల్లో చాలామందికి నిజంగా ఎమర్జెన్సీ లేదని వాళ్లకు తెలుసు. ఆ జలుబులను, బెణుకులను ఆసుపత్రి బయట, తక్కువ ఖర్చుతో చూడొచ్చు కదా అని 1970ల్లో కొందరు సొంతంగా క్లినిక్కులు తెరిచారు. మిగతా డాక్టర్లకు ఇది కంటగింపైంది. డబ్బాలో కూర్చున్న డాక్టర్ అన్న అర్థంలో 'డాక్ ఇన్ ఎ బాక్స్' అని వెక్కిరించారు. 1980ల మొదట్లో హ్యూమనా లాంటి పెద్ద సంస్థ 'మెడ్‌ఫస్ట్' పేరుతో ఇలాంటి క్లినిక్కుల గొలుసు పెట్టి, చేతులు కాల్చుకుని, కొన్నేళ్లకే వదిలించుకుంది. ఆ మొదటి విడత అలా చల్లబడడానికి నాకు కనిపించే కారణం ఒకటే. అప్పటికింకా చాలామందికి తమ డాక్టర్ అంటూ ఒకరున్నారు. రేపు పొద్దున ఫోన్ చేస్తే చూస్తాడన్న నమ్మకం ఉంది. అది ఉన్నంతకాలం ముక్కూ మొహం తెలియని క్లినిక్కుతో పనేముంది?

ఆ నమ్మకం ఎవరో పడగొడితే కూలిపోలేదు. లెక్కల పుస్తకాల్లో మెల్లగా కరిగిపోయింది. 1992లో మెడికేర్ డాక్టర్లకు ఫీజు కట్టే పద్ధతి మార్చింది. ఏ పనికి ఎంత శ్రమ, ఎంత సమయం, ఎంత ఖర్చు అని లెక్కగట్టి పాయింట్లిచ్చే పద్ధతి అది. మాట్లాడి, ఆలోచించి చేసే వైద్యానికి న్యాయం చేయాలన్నదే మొదటి ఉద్దేశం. కానీ పాయింట్లపై సలహా ఇచ్చేది అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కమిటీ, అందులో స్పెషలిస్టులదే పైచేయి. మెడికేర్ ఆ సలహాల్లో ఎక్కువభాగం ఒప్పుకుంటూ వచ్చింది. ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు మెడికేర్ లెక్కనే కొలబద్దగా పెట్టుకుంటాయి. దాంతో అరగంట కూర్చుని షుగర్ పేషెంట్‌తో మాట్లాడే డాక్టర్‌కు, అదే అరగంటలో గొట్టంతో కడుపు పరీక్ష చేసే డాక్టర్‌కు మధ్య సంపాదనలో పెద్ద తేడా ఉండిపోయింది. లక్షల డాలర్ల చదువు అప్పుతో బయటికొచ్చే కుర్రాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు. పైగా 1997 బడ్జెట్ చట్టం మెడికేర్ డబ్బిచ్చే రెసిడెన్సీ (మెడిసిన్ చదివాక ఆసుపత్రిలో చేసే శిక్షణ) సీట్లకు 1996 నాటి లెక్క దగ్గరే చాలావరకు గీత గీసింది. డాక్టర్లు మరీ ఎక్కువైపోతారన్నది అప్పటి భయం! ఆ గీతను కాస్త జరిపి కొత్తగా 1,000 సీట్లు ఇవ్వడానికి 2020 చివరిదాకా పట్టింది.

2021లో నేషనల్ అకాడమీస్ ఇచ్చిన నివేదిక ప్రకారం అమెరికాలో రోగులు వైద్యుల దగ్గరికెళ్లే సందర్భాల్లో సుమారు 35 శాతం ప్రైమరీ కేర్‌వే. మొత్తం వైద్య ఖర్చులో దానికి దక్కేది మాత్రం 5 శాతం దరిదాపుల్లో.

2000లో రెండో విడత మొదలైంది. ఆ ఏడాదే మినియాపొలిస్ ప్రాంతంలో కిరాణా స్టోర్ల లోపల చిన్న క్లినిక్కులు మొదలయ్యాయి. తర్వాత మినిట్‌క్లినిక్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థను 2006లో మందుల షాపుల గొలుసు సీవీఎస్ కొనుక్కుంది. 2003లో అర్జెంట్ కేర్‌కు బిల్లింగులో విడిగా ఒక కోడ్ వచ్చింది. చదివేవాళ్లకు ఇది చప్పగా అనిపించవచ్చు గానీ, వ్యాపారానికి పునాది ఇలాంటి కోడ్‌లే. మరోవైపు ఇన్సూరెన్స్ కంపెనీలు, కంపెనీ యజమానులు ఎమర్జెన్సీ రూమ్ కో-పే (ఇన్సూరెన్స్ ఉన్నా రోగి జేబులోంచి కట్టాల్సిన మొత్తం) పెంచుతూ పోయారు. ఎమర్జెన్సీకి వెళ్తే వందల డాలర్లు, అర్జెంట్ కేర్‌కు వెళ్తే అందులో చిన్న భాగం. జనం ఆ లెక్క వెంటనే పట్టేశారు.

ఇన్సూరెన్స్ విస్తరణ ఇంకో మలుపు. మసాచుసెట్స్ 2006లో దాదాపు అందరికీ ఇన్సూరెన్స్ ఇచ్చే చట్టం తెచ్చింది. దేశమంతా ఇన్సూరెన్స్‌ను విస్తరించిన 2010 నాటి ఒబామాకేర్ చట్టానికి అదే నమూనా. ఇన్సూరెన్స్ కార్డు చేతికొచ్చింది, డాక్టర్ దొరకలేదు. ఊరినిండా ప్రపంచ ప్రసిద్ధ ఆసుపత్రులున్న బోస్టన్‌లో, 2017లో మెరిట్ హాకిన్స్ సంస్థ ఫోన్లు చేసి వాకబు చేస్తే, ఫ్యామిలీ డాక్టర్‌ను కొత్తగా చూడాలంటే సగటున 109 రోజులు ఆగాలని తేలింది.

పెట్టుబడిదారులకు ఈ క్యూ కనిపించింది. డాలస్ ప్రాంతంలో పెరిగిన కేర్‌నౌ క్లినిక్కులను హెచ్‌సీఏ ఆసుపత్రుల సంస్థ 2014లో కొనేసింది. మెడ్‌ఎక్స్‌ప్రెస్‌ను 2015లో ఇన్సూరెన్స్ సంస్థ యునైటెడ్‌హెల్త్ వాళ్ల ఆప్టమ్ తీసుకుంది. న్యూయార్క్‌లో 2010లో మొదలైన సిటీఎండీ 2019లో ఒక పెద్ద డాక్టర్ల గ్రూపుతో కలిసింది. ఆసుపత్రి సంస్థలకు ఇందులో ఇంకో లాభముంది. ఇవాళ బెణికిన కాలుతో వచ్చినవాడికి రేపు ఎముకల డాక్టర్, ఎంఆర్ఐ కావాలి. అవి తమ ఆసుపత్రిలోనే దొరుకుతాయని చీటీ రాసిస్తే సరి.

ఒక శనివారం రాత్రి ఏడింటికి నాలుగేళ్ల పిల్ల చెవి పట్టుకుని ఏడుస్తోందనుకుందాం. పిల్లల డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, ప్రాణాపాయమైతే 911కి కాల్ చేయండన్న రికార్డు మాట వినిపిస్తుంది. అర్జెంట్ కేర్‌లో ముందు అడిగేది ఇన్సూరెన్స్ కార్డు. తర్వాత మందులు ఏ ఫార్మసీకి పంపాలో చెప్పాలి. గంటలోపే నర్స్ ప్రాక్టీషనర్ వచ్చి చెవిలోకి లైటు వేసి చూసి, ఎర్రగా ఉంది, అమాక్సిసిలిన్ రాస్తున్నానంటుంది. తల్లిదండ్రుల టెన్షన్ తగ్గుతుంది. ఇది చిన్న విషయం కాదు, ఈ మేలు చూడకుండా అర్జెంట్ కేర్‌ను తిట్టడం సులువు. కానీ వెళ్లేటప్పుడు చేతికిచ్చే కాగితం చివర ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది. రెండు మూడు రోజుల్లో మీ ప్రైమరీ కేర్ డాక్టర్‌ను కలవండి. ఆ డాక్టర్ లేకే ఇక్కడికొచ్చినవాళ్లకు కూడా అదే కాగితం.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. 2018లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఎట్నా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల రికార్డులు తీసింది. 2008 నుంచి 2015 మధ్య చిన్నాచితకా జబ్బులకు ఎమర్జెన్సీకి వెళ్లడం 36 శాతం తగ్గింది. అర్జెంట్ కేర్‌కు వెళ్లడం 119 శాతం పెరిగింది. అంటే అనుకున్నది జరిగినట్టే. అయితే అలాంటి జబ్బుల మీద తలసరి ఖర్చు తగ్గలేదు సరికదా, 14 శాతం పెరిగింది. 2021లో హెల్త్ అఫైర్స్ పత్రికలో మరో పరిశోధన ఇంకాస్త లోతుగా తవ్వింది. ఎమర్జెన్సీలో ఒక చిన్న జబ్బు విజిట్ తగ్గాలంటే అర్జెంట్ కేర్‌లో 37 విజిట్లు పెరుగుతున్నాయని తేల్చింది. 1,646 డాలర్లు ఆదా, దానికి ఖర్చు 6,327 డాలర్లు. తలుపు దగ్గరగా ఉంటే, ఒకప్పుడు మిరియాల కషాయంతో సరిపెట్టుకునే జలుబుకు కూడా వెళ్తారు.

యాంటీబయాటిక్స్ సంగతి ఇంకా ఇబ్బందికరం. 2018లోనే వచ్చిన మరో పరిశోధన ప్రకారం, యాంటీబయాటిక్ అక్కర్లేని శ్వాసకోశ జబ్బులకు కూడా అర్జెంట్ కేర్‌లో 45.7 శాతం సందర్భాల్లో రాసిచ్చారు. మామూలు డాక్టర్ ఆఫీసుల్లో అది 17 శాతం. పదేళ్లుగా చూస్తున్న డాక్టర్ "ఏం పర్లేదు, రెండ్రోజులు చూద్దాం" అనగలడు. ఇవాళ చూసి మళ్లీ చూడనివాళ్లకు ఆ మాట అనడం కష్టం, అవతలివాళ్లకు వినడమూ కష్టమే.

ప్రైమరీ కేర్‌కు దీనివల్ల తగిలిన దెబ్బ గురించి తక్కువమంది మాట్లాడతారు. గొంతునొప్పి, చెవిపోటు పది నిమిషాల పని. అవి రోజులో నాలుగైదు ఉంటే డాక్టర్‌కు కాస్త ఊపిరి, బిల్లుకు కాస్త బలం. అవి అర్జెంట్ కేర్ పట్టుకుపోయాక మిగిలేది షుగర్, బీపీ, కిడ్నీ, డిప్రెషన్ అన్నీ కలిసిన పేషెంట్లు. సమయం మాత్రం అదే 15, 20 నిమిషాలు. సాయంత్రం ఇంటికెళ్లాక పోర్టల్‌లో పేషెంట్ల మెసేజ్‌లకు జవాబులు. ఇది చూసి కొత్తవాళ్లు రారు, ఉన్నవాళ్లు ముందే రిటైరవుతారు, క్యూ ఇంకా పెరుగుతుంది, అర్జెంట్ కేర్ ఇంకొకటి తెరుచుకుంటుంది. 2036 నాటికి ప్రైమరీ కేర్‌లో 20,200 నుంచి 40,400 మంది దాకా డాక్టర్లు తక్కువపడతారని అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం 2024లో అంచనా వేసింది.

ఈ కథలో తెలుగువాళ్లు రెండు వైపులా ఉన్నారు. 1994లో వచ్చిన కాన్రాడ్ పథకం ప్రకారం, జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన విదేశీ డాక్టర్ మూడేళ్లు వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్లక్కర్లేదు. ఇప్పుడు రాష్ట్రానికి ఏటా 30 మంది దాకా అలా ఉండొచ్చు. గుంటూరు, విశాఖ, ఉస్మానియా, కాకతీయలలో చదివినవాళ్లు ఎందరో అలా, తెలుగు మాట వినిపించని ఊళ్లలో ప్రైమరీ కేర్ డాక్టర్లయ్యారు.

రెండోవైపు, ఇక్కణ్నుంచి ఆరు నెలలకు వెళ్లే అమ్మానాన్నలు. వాళ్లకు మెడికేర్ ఉండదు, ప్రైమరీ కేర్ డాక్టర్ ఉండడు. బీపీ, షుగర్ మాత్రలు సూట్‌కేసులో తీసుకెళ్తారు. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులను సాధారణంగా కవర్ చేయదు. జ్వరమొచ్చినా, జారిపడినా వాళ్లకు అందుబాటులో ఉండేది అర్జెంట్ కేరే. టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఒక తేడా గమనించుకోవాలి. 2009 చట్టం తర్వాత అక్కడ ఆసుపత్రితో సంబంధం లేని విడి ఎమర్జెన్సీ రూములు వందల్లో వెలిశాయి. బయటికి అచ్చం అర్జెంట్ కేర్‌లాగే కనిపిస్తాయి, బిల్లు మాత్రం ఎమర్జెన్సీ బిల్లు. బోర్డు మీద 'ఎమర్జెన్సీ' అన్న మాట ఉందో లేదో చూసుకుని లోపలికెళ్లడం మంచిది.

కొవిడ్ కాలంలో పరీక్షలకు, టీకాలకు జనం బారులు తీరింది వీటి ముందే. 2021 డిసెంబర్‌లో ఒమిక్రాన్ వచ్చినప్పుడు సిబ్బంది చాలక సిటీఎండీ న్యూయార్క్ ప్రాంతంలో కొన్ని క్లినిక్కులను తాత్కాలికంగా మూసుకోవాల్సి వచ్చింది. ఆ ఊపులో, ప్రైమరీ కేర్‌ను కూడా ఇలాగే గొలుసు దుకాణాల్లా నడపొచ్చని పెద్ద కంపెనీలు లెక్కలేసుకున్నాయి. వాల్‌మార్ట్ 2019లో మొదలుపెట్టిన 51 హెల్త్ సెంటర్లనూ లాభం లేదంటూ 2024లో మూసేసింది. మందుల షాపుల సంస్థ వాల్‌గ్రీన్స్ డబ్బు పోసిన విలేజ్‌ఎండీ అనే ప్రైమరీ కేర్ క్లినిక్కుల సంస్థ, సిటీఎండీని నడిపే సంస్థను 2023 మొదట్లో దాదాపు 890 కోట్ల డాలర్ల ఒప్పందంలో కొని, ఆ మరుసటి ఏడాదే తన సొంత క్లినిక్కులను పదుల సంఖ్యలో మూసుకుంది. జలుబులు చూసే వ్యాపారం నిలబడింది. మనిషిని ఏళ్ల తరబడి చూసుకునే వ్యాపారం వాళ్లకు గిట్టలేదు.

ఫీజుల పుస్తకంలో ఈ మధ్య ఒక చిన్న మార్పు జరిగింది. 2024 జనవరి నుంచి మెడికేర్ జీ2211 అనే అదనపు కోడ్‌కు డబ్బు కట్టడం మొదలుపెట్టింది. పేషెంట్‌తో దీర్ఘకాల సంబంధం పెట్టుకుని, అతని ఆరోగ్యం మొత్తాన్నీ కనిపెట్టుకుని ఉండే డాక్టర్ విజిట్ ఫీజుతో పాటు దీన్ని కలిపి వేసుకోవచ్చు. మొదటి ఏడాది దాని విలువ విజిట్‌కు సుమారు 16 డాలర్లు.